ఇత్తడి తొడుగు – గుండు వేగము

కొండపల్లి కోట క్రిందుగా సాగి, మైలవరము, తిరువూరు మీదుగా కొత్తగూడెము, భద్రాచలము చేరు బాట కృష్ణాతీరమును మన్యముతో కలుపుచున్నది. ఈ బాటకు ఒక కొనయందున్న కొండపల్లి దుర్గమును 1766లో కాలియాడ్ సేనాని ఆంగ్లేయుల పక్షమున పట్టుకొనెను. రెండవ కొనకు ఆవలనున్న కొండలలో 1879 నాటి రంప పితూరీ రేకపల్లి దాక ప్రాకెను. 1922లో తూర్పు మన్యమున అల్లూరి సీతారామరాజు పోలీసు ఠాణాలను ముట్టడించెను. ఈ నూటయేబది యేండ్ల నడుమ కోటలెట్లు చేతులు మారినవో, శిస్తులెట్లు పెరిగినవో, ఎవరెవరు ఉరికంబమెక్కిరో మన చరిత్రకారులు వ్రాసిరి. అదే కాలమున తుపాకి కడుపులో జరిగిన మార్పును గూర్చి మాత్రము వారు పెద్దగా ముచ్చటింపలేదు. ఆ మార్పు పేరు ఇత్తడి తొడుగు. మందును, గుండును, రంజకమును ఒక్కచోట పట్టి యుంచు చిన్న పాత్ర యది. గుండు ఎంత వేగముతో పోవునో నిర్ణయించుటలో మందుతోపాటు ఆ పాత్రకును పాలు కలదు. ఎవరి తుపాకి ఎన్ని దినములు పేలగలదో నిర్ణయించుటలో దాని పాలు ఇంకను పెద్దది.

తొడుగు లేని దినములనుండి మొదలుపెట్టుదము. తిరువూరు వంటి మెట్ట సీమలలో అడవిపందులనుండి చేలను కాపాడుకొనుటకు రైతులు పెట్టుకొన్న తుపాకులు మూతినుండి మందు దట్టించునట్టివి. నైజాము సరిహద్దు కావల వీనినే భర్మార్లనిరి. మందుకొమ్ములోనుండి కొలతగొట్టముతో, అదియు లేనినాడు అరచేతితో, మందు తీసి తుపాకి మూతిలో పోయవలెను. పైన పీచో, గుడ్డపేలికయో పెట్టి ఇనుప కమ్మితో దట్టింపవలెను. పిమ్మట గుండు, మరల పీచు. చెవియొద్ద రంజకమో, టోపీయో. ఇంత జరిగిన తరువాత పంది ఇంకను అక్కడనే నిలిచియుండవలెను!

ఈ పద్ధతిలో ఏ రెండు కాల్పులును ఒక్కటి కావు. చిటికెడు మందు ఎక్కువ పడవచ్చును. ముసురు పట్టిన దినమున మందు చెమ్మగిల్లవచ్చును. కమ్మితో నాలుగు పోట్లు పొడిచిననాడు మందు గట్టిపడును. రెండు పొడిచిననాడు వదులుగా నుండును. గుండు గొట్టమునకు సరిపడక ప్రక్కలనుండి ఆవిరి జారిపోవచ్చును. అయినను ఈ తుపాకికొక గొప్ప గుణము కలదు. సురేకారము, గంధకము, బొగ్గు దొరకినంత కాలము, సీసము కరగించు కుంపటి యున్నంత కాలము, అది ఎవరి దయమీదను ఆధారపడదు. ఈ మాట ముందు ముందు మనకు అవసరమగును.

గుండు వేగమును మొట్టమొదట నమ్మదగిన రీతిని కొలిచినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితవేత్త. అతడు 1742లో ప్రకటించిన ఫిరంగి శాస్త్ర గ్రంథములో ఒక విచిత్రమైన లోలకమును వర్ణించెను. బరువైన కొయ్యదిమ్మెను వ్రేలాడగట్టి దానిలోనికి గుండు పేల్చుటయే ఉపాయము. దిమ్మె ఎంత దూరము ఊగెనో చూచి, దిమ్మె బరువును గుండు బరువును లెక్కగట్టి, గుండు వేగమును రాబట్టవచ్చును. ఉయ్యాలబల్ల నెవరైన త్రోసినపుడు అది ఊగిన మేరనుబట్టి త్రోసినవాని బలమును ఊహించుట వంటిదే యిది. ఆ కాలపు తుపాకిగుండు సెకనుకు 1,600 అడుగులకు పైబడిన వేగముతో పోవుచున్నదని తేలగా పండితులే నివ్వెరపోయిరి.

రాబిన్స్ మరియొక మాట చెప్పెను; నేటి మన విషయమునకు అదియే పునాది. మందు మండగా పుట్టిన వాయువు ఎంత ఇరుకు చోట బంధింపబడునో అంత అధికముగా ఒత్తును. చోటు పెరిగినకొలది ఒత్తిడి తగ్గును. గుండు గొట్టములో ముందుకు సాగుకొలది వెనుక చోటు పెరుగును గనుక ఒత్తిడి క్రమముగా పడిపోవును. కావున వేగమును లెక్కించువాడు మందు ఎంత యని మాత్రము అడిగిన చాలదు, ఆ మందు ఎంత చోట కూర్చున్నదో కూడ అడుగవలెను. ఈ మహనీయుడు కుంపిణీ ఇంజనీరుగా కోటలను బాగుచేయ వచ్చి, 1751 జూలైలో కడలూరు దాపుననున్న సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూసెను. తుపాకి వేగమును కొలిచినవాని అస్థులు మన కోరమండల తీరముననే యున్నవని ఎందరికి తెలియును? ఆయన పోయిన ఎనిమిదేండ్లకు, 1759 ఏప్రిలులో, ఫోర్డు సేనాని మచిలీపట్టణపు కోటను ఫ్రెంచివారి చేతినుండి లాగుకొనెను. ఆ దాడిలో పేలిన తుపాకులన్నియు మూతిమందు తుపాకులే.

సైనికులకు అరచేతి కొలత పనికిరాదు గనుక, మందును గుండును ముందుగనే తూచి కాగితపు పొట్లములుగా కట్టియిచ్చు ఆచారము చిరకాలముగా నుండెను. తోటా యన మొదట ఆ పొట్లమే. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకికి కట్టిన పొట్లములో రెండున్నర డ్రాముల మందు, అనగా సుమారు 68 గ్రెయిన్లు, ఉండెడిది. సిపాయి పొట్లము కొనను పంటితో కొరికి, మందును మూతిలో పోయవలెను. ఆ కాగితమునకు పూసిన క్రొవ్వును గూర్చి 1857లో రేగిన మంట అందరకును తెలిసినదే. దాని నిక్కడ విస్తరింపను. మన విషయమునకు కావలసినది ఒక్కటి: పొట్లము కొలతను సరిచేసెను గాని పాత్ర కాలేదు. కాగితము కాలిపోవును, మందు మరల గొట్టపు అడుగునకే చేరును.

1866లో వూల్విచ్ కార్ఖానా అధిపతియైన కర్నల్ బాక్సరు పలుచని ఇత్తడి రేకును చుట్టచుట్టి తోటా చేసెను. వెనుకనుండి మందు పెట్టు స్నైడరు తుపాకికి అది సరిపోయెను. 1871లో వచ్చిన మార్టిని-హెన్రీ తుపాకికిని రేకుచుట్ట తోటాయే గతియాయెను. ఎండలో కాగిన తుపాకిలో, ఇసుకపడిన తుపాకిలో, ఆ రేకు గోడలకు అతుకుకొని చిరిగెడిది. అడుగు ఊడివచ్చి చుట్ట లోపలనే నిలిచిపోయెడిది. 1885 జనవరిలో సూడాను ఎడారిలోని అబూక్లియా వద్ద శత్రువులు మీదికి వచ్చిపడుచుండగా తుపాకులు బిగిసిపోయి ఆంగ్ల సైనికులు దిక్కుతోచక నిలిచిరి. కాలిపోయిన తోటాను వెలికి తీయలేనివాని చేతిలో తుపాకి దుడ్డుకర్రతో సమానము. అటుతరువాతనే అతుకులేని, ముద్దనుండి సాగదీసిన ఇత్తడి తొడుగు సైన్యమున స్థిరపడెను.

ఈ సాగదీయు పనిని కొంచెము వివరింపనిండు. ఇత్తడిని గూర్చి మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. అజ్జరము వారి చేతి బిందెలు, గంగాళములు లేని పాత ఇల్లు మన సీమలో అరుదు. తొడుగునకు వాడు ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము. మొదట బిళ్ల కోయుదురు. బిళ్లను అచ్చులో నొక్కి చిన్న గిన్నె చేయుదురు. గిన్నెను అంతకంతకు సన్నని అచ్చులలోనుండి త్రోయగా గోడలు పలుచనై, పొడవు పెరిగి, గొట్టమగును. అయితే ఇత్తడిని కొట్టినను సాగదీసినను మొండిపడును. ఒక హద్దు దాటినచో పగులును. అందువలన ప్రతి త్రోపునకు నడుమ దానిని కాల్చి మెత్తపరతురు. మన కంచరివారు బిందె అంచును మరల మరల కొలిమిలో పెట్టుట ఎందుకో, ఇదియు అందుకే. చివరకు అడుగు గట్టిగా, మెడ మెత్తగా నుండునట్లు చూతురు. అడుగు ఒత్తిడిని తట్టుకొనవలెను. మెడ గుండును పట్టవలెను, పేలినపుడు విచ్చుకొని తుపాకి గది గోడకు అంటుకొని ఆవిరిని వెనుకకు పోనీయకుండవలెను, మరుక్షణము కొంచెము ముడుచుకొని వెలికి వచ్చుటకు వీలీయవలెను. ఇనుము అంత సుళువుగా అంటుకొనదు. రాగి మరల ముడుచుకొనదు. ఇత్తడికి రెండును తెలియును.

ఇక వేగము మాటకు వత్తము. వంటింటిలో రెండు ఇత్తడి చెంబులున్నవనుకొనుడు. బయటి కొలతకు రెండును ఒక్కటే; ఒకే అచ్చున దించినట్లుండును. ఒకటి చేతికి బరువుగా నున్నది, రెండవది తేలిక. రెంటిని నిండ నీటితో నింపినచో దేనిలో నీరు తక్కువ పట్టును? బరువైన దానిలోనే. దాని గోడ దళసరి. ఆ దళసరి లోపలి చోటును తినివేసినది. తోటా తొడుగు సంగతియు సరిగా ఇదియే. తొడుగు బయటి కొలతను తుపాకి గది నిర్ణయించును. అది మారుటకు వీలులేదు. ఒక కార్ఖానా తొడుగు దళసరిగా, మరియొక కార్ఖానా తొడుగు పలుచగా వచ్చినచో తేడా యంతయు లోపలనే పడును. ఒకే మందు, ఒకే తూనిక, ఒకే గుండు. దళసరి తొడుగులో చోటు ఇరుకు, ఒత్తిడి అధికము, వేగమును కొంచెము అధికము. రాబిన్స్ చెప్పిన మాటయే యిక్కడ వ్రేలెడు పాత్రలో నిజమగుచున్నది.

ఎంత తేడా యని అడుగవచ్చును. నేటి సైనికుల తుపాకి తోటాలలో, 7.62 జాతిలో, సైన్యపు తొడుగు వేటగాండ్ర తొడుగుకంటె సాధారణముగా దళసరి. ఒక తొడుగు మరియొక దానికంటె 10 గ్రెయిన్లు బరువైనదనుకొందము. అది అయిదారు గురిగింజల ఎత్తు. ఇత్తడి నీటికంటె ఎనిమిదిన్నర రెట్లు బరువు గనుక లోపలి చోటులో తరుగునది గ్రెయినున్నర నీటికంటె తక్కువ. ఆ తొడుగున పట్టు మొత్తము నీరు సుమారు 55 గ్రెయిన్లు. అనగా నూటికి రెండు పాళ్ల తరుగు. వేగములో దీని ఫలము సెకనుకు పది, ఇరువది అడుగుల వంతున నుండును. ఇది యేపాటి యని తోచును గాని, సెకనుకు పాతిక అడుగుల తేడా వేయి గజముల దూరము పోవునప్పటికి గుండును జానెడు ఎత్తు మీదికో క్రిందికో తేగలదు. బిళ్లకు గురిపెట్టు పందెగానికి జానెడన కొండంత. ఒత్తిడిలో తేడా మాత్రము వేగములోని తేడాకంటె మిక్కిలి పెద్దది; నిండు మందు పోసిన తోటాలో అదియే ప్రమాదము. పలుచని తొడుగునకు సరిపోయిన మందునే దళసరి తొడుగున పోయువాడు తుపాకిని, తన కన్నులను పందెమొడ్డుచున్నాడు. అందువలననే విదేశములలో తమ తోటాలను తామే నింపుకొను వ్యాయామకారులు ఒకే కార్ఖానావారి, ఒకే యేటి తొడుగులను వేరుచేసి పెట్టుకొందురు. తూకమొక్కటియే చాలదనియు వారికి తెలియును. బరువు అడుగు అంచులో నున్నచో లోపలి చోటు తగ్గదు. నీటితో నింపి తూచుటయే అసలైన కొలత.

తొడుగు అదేయుండగా మందు మారినచో ఏమగును? దానికి .303 తోటా చక్కని సాక్షి. 1888లో దానిని నల్లమందుకొరకు కల్పించిరి. సుమారు 70 గ్రెయిన్ల నల్లమందును గట్టిగా అదిమి పెట్టగా గుండు సెకనుకు సుమారు 1,850 అడుగుల వేగముతో పోయెడిది. మూడు నాలుగేండ్లు గడచునప్పటికి పొగరాని కార్డైటు మందు వచ్చెను. అదే తొడుగులో అందులో సగము తూకము కార్డైటు పెట్టగా వేగము 2,000 అడుగుల చేరువకు పెరిగెను. 1910లో తేలికయైన మొనదేలిన గుండు పెట్టుటతో 2,440 అడుగులకు చేరెను. ఇంతలో తొడుగు రూపము మారలేదు. నల్లమందుకై కొలిచి కట్టిన గదిలోనే మరియొక తరపు మందు కాపురము చేసినది. కార్డైటు సేమియా వలె పోగులుగా నుండును. ఆ పోగుల కట్టను మెడ సన్నపరుపకముందే తొడుగులో దించి, పిమ్మట మెడను నొక్కెడివారు. ఈ చిన్న సంగతిని మరువవలదు.

మన దేశపు వానలు ఈ ఇత్తడికి ఒక వింత పరీక్ష పెట్టినవి. వానకాలమున దండయాత్రలు నిలిచినపుడు ఆంగ్ల సైన్యమువారు తోటాలను గుఱ్ఱపు సాలలలో భద్రపరచెడివారు. వానలు వెలిసిన తరువాత తీసి చూడగా అనేకము మెడవద్ద నిలువున చీలియుండెడివి. ఎవరును ముట్టలేదు, పేల్చలేదు, క్రింద పడవేయలేదు. ఋతువు మారగానే పగులుచున్నవి గనుక దీనిని ఋతుపగులనిరి. కారణము చాలకాలము తెలియలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు రహస్యమును విప్పిరి. సాగదీసిన ఇత్తడిలో బయటికి కనబడని బిగువు మిగిలియుండును. గుఱ్ఱపు మూత్రమునుండి లేచు అమ్మోనియా వాయువు, చెమ్మతో కూడి ఆ బిగువుగల చోటనే ఇత్తడిని కొఱుకును. చీలిన మెడ గుండును పట్టదు. ఆవిరి ముందుగనే జారును. వేగము తప్పును, గురియు తప్పును. చేసిన తొడుగును మరల మితముగా కాచి బిగువు సడలించుటయే దానికి మందు. పూనా దాపున ఖడ్కీలో 1869లోనే నెలకొల్పిన తోటాల కార్ఖానా దాటని వానకాలము లేదు. ఇత్తడి ఉద్యోగము చేయువారికి ఈ పాఠము ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన్యమునకు పోవుదము. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దినములలో మూడు ఠాణాలు. సీతారామరాజు చేజిక్కించుకొన్నవి 26 తుపాకులు, సుమారు 2,500 తోటాలు. తీసికొన్నదానికి ఠాణా పుస్తకములో లెక్క వ్రాసిపెట్టి పోయినాడని ప్రసిద్ధి. ఈ అంకెలను మనవారు గర్వముతో చెప్పుకొందురు, చెప్పుకొనదగినవే. కాని ఒక్కసారి భాగించి చూడుడు. తుపాకికి నూరు తోటాలు కూడ రావు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హేటరు అను ఇద్దరు దొరలు కూలిరి. ఆనాడు పేలిన ప్రతి తోటాయు ఆ నూటిలోనుండి తరిగినదే. తరువాతి ముట్టడులలో అంతటి పంట దొరకలేదు.

మన్యమున వేటగానికి మందు దట్టించుట తెలియదా? తెలియును. సీసమును గుండుగా పోయుట తెలియదా? తెలియును. అయితే పేలిన ఇత్తడి తొడుగును మరల నింపుటకు అవి చాలవు. అడుగున నొక్కుబడిన రంజకపు టోపీని ఊడదీసి క్రొత్తది పెట్టవలెను. ఆ టోపీలోని పేలుడు ద్రవ్యము కొలిమిలో పుట్టదు. పేలినపుడు ఉబ్బిన తొడుగును మరల తుపాకి గదికి సరిపడునట్లు నొక్కవలెను. దానికి ఉక్కు అచ్చు కావలెను. .303 జాతిదైనచో మెడ నొక్కకముందు దించిన కార్డైటు పోగులను సన్నని మెడగుండ ఎట్లు దించుట? నాటుమందు పోసినను దాని వేగము వేరు, దాని పొగ వేరు. ఆ పొగ కొండవాలున దాగినవాని ఉనికిని చెప్పివేయును. భర్మారు పట్టిన తాత తన మందు తానే నూరుకొనెను. ఇత్తడి తోటా పట్టిన మనుమడు ఖడ్కీనో, వూల్విచ్చునో దోచుకొనిన గాని రెండవ దినము పోరాడలేడు. 1878 నాటి ఆయుధ చట్టము ప్రజల చేతులను కట్టివేసెనని మనము చదివితిమి. ఆ చట్టము చేయజాలని పనిని ఈ వ్రేలెడు ఇత్తడి చేసినదని నా అభిప్రాయము. చట్టమును అడవిలో ధిక్కరింపవచ్చును. ఉక్కు అచ్చును అడవిలో మొలిపింపజాలము. 1924 మే 7న సీతారామరాజు తుపాకులకు బలియగు నాటికి, పితూరీదార్ల సాహసమునకు కొదువ వచ్చినదని ఎవరును వ్రాయలేదు.

1946 మొదలు 1951 వరకు తెలంగాణమున జరిగిన రైతాంగ పోరాటములో భర్మారు మరల కనబడుటకు కారణమును ఇచ్చటనే వెదకవచ్చును. ఆ నాడు తిరువూరు ఆంధ్ర సీమకు చివర. ఉత్తరమున నైజాము సరిహద్దు. దూరము పోవు వేగము కలది సైన్యపు తుపాకి. ఊరిలో మందు దొరకునది భర్మారు. రెండును కలవాడు రెండింటిని దాచుకొనెను, కాని తోటాలను మాత్రము లెక్కపెట్టుకొని దాచుకొనెను.

స్వతంత్ర భారతమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుజ్ఞాపత్రము లేక తోటాలు తయారుచేయుట నేరము. ఖడ్కీ కార్ఖానా ఇప్పటికిని నడచుచున్నది; 2021లో అది ప్రభుత్వపు మ్యునిషన్స్ ఇండియా సంస్థ క్రిందికి వచ్చెను. చాందమారి మైదానములలో పోలీసుల అభ్యాసము ముగిసిన పిమ్మట ఒక పని మిగులును. ఇప్పటిదాక గురిపెట్టినవారే వంగి గడ్డిలోను, ఇసుకలోను ఖాళీ ఇత్తడి తొడుగులను ఏరుదురు. ఇచ్చిన తోటాల లెక్కకు ఏరిన తొడుగుల లెక్క సరిపోవలెను. ఒక్కటి తక్కువైనను మరల గడ్డి వెదకక తప్పదు.